రంగం పాటల కొట్టు

ఈ వారం ఎపిసోడ్ వినడానికి వీలుకాని వాళ్ళ కోసం అదే కథని ఇక్కడ రాతలో పెడుతున్నా. మైకు ముందు తొందరలో వదిలేసినవి కూడా కొన్ని కలిపాను. బస్సులో సైట్‌కి వెళ్ళేటప్పుడు చదువుకోండి.

ముందు నా సంగతి ఒకటి చెప్పేస్తాను. సింగపూర్ షిప్‌యార్డులో పనిచేసిన రోజుల్లో డార్మిటరీలో నాకు చిన్న పక్క ఆదాయం ఉండేది. చేతులు మారి వచ్చిన పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. దాని నిండా తెలుగు పాటలే. ఘంటసాల నుంచి ఆ నెల రిలీజైన సినిమా దాకా అన్నీ ఉండేవి. ఆదివారం పూట మన కుర్రాళ్ళు మెమరీ కార్డులు తెచ్చిస్తే నింపి ఇచ్చేవాణ్ణి. కార్డుకి రెండు డాలర్లు. శ్రీకాకుళం వాడైతే ఒక డాలరే. ఇది దొంగతనం అని నాకు ఒక్క పూట కూడా అనిపించలేదు. ఇల్లు వదిలి వచ్చినవాడికి పాట ఇస్తున్నాను, పైగా పుణ్యం అనుకున్నా.

నా పక్క మంచం బర్మా ఆయనది. వాళ్ళ భాషలో వయసులో కాస్త పెద్దవాణ్ణి ‘కో’ అంటారు, మనం అన్న అన్నట్టు. నేనూ ఆయన్ని కో అనే పిలిచేవాణ్ణి. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, ఆదివారం వస్తే మనం లిటిల్ ఇండియాకి పోతాం, బర్మా వాళ్ళు పెనిన్సులా ప్లాజాకి పోతారు. కో అక్కడికెళ్ళి డబ్బులు పెట్టి పాటల సీడీ కొనుక్కొచ్చేవాడు. నాకు నవ్వొచ్చేది. ‘ఎందుకు కో డబ్బులు తగలేస్తావు, ఎవరి దగ్గరైనా తీసుకో, నేను కాపీ చేసి పెడతాను కదా’ అన్నాను ఒకసారి. ఆయన నవ్వలేదు. యాంగోన్‌లో తన బావమరిదికి క్యాసెట్ల కొట్టు ఉండేదని, అది మూతపడిందని ఒక్క మాట చెప్పి పడుకున్నాడు.

ఆ మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఈ పాడ్‌కాస్ట్ కోసం బర్మా గురించి చదువుతుంటే గుర్తొచ్చింది. ఆ కొట్టు ఎందుకు మూతపడింది? నా బోటి వాళ్ళ వల్లేనా? అదే ఈ వారం కథ.

యాంగోన్ అంటే మనకి కొత్త ఊరు కాదండీ. మా తాతల కాలంలో దాన్ని ‘రంగం’ అనేవారు. ‘ఫలానా వాడు రంగం పోయాడు’ అంటే ఓడెక్కి రంగూన్‌లో కూలికి వెళ్ళాడని అర్థం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళకి ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడిపోయింది. రేవులో బస్తాలు మోసిన వాళ్ళలో, రిక్షాలు లాగిన వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలైతే అందులో సగానికి పైగా భారతదేశం నుంచి వచ్చినవాళ్ళే. 1930 మే నెలలో మన రేవు కూలీలు చేసిన సమ్మె, దాని వెనకే జరిగిన అల్లర్లలో వందకు పైగా మనుషులు చనిపోవడం, 1942లో జపాన్ వాళ్ళు వస్తుంటే లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచి రావడం, ఇవి ఒక ఎపిసోడ్‌లో చెప్పుకునేవి కాదు. ఇవాళ పాటల వ్యాపారం దగ్గరే ఉంటాను.

ఆ వ్యాపారం రంగూన్‌కి చాలా తొందరగా వచ్చింది. గ్రామఫోన్ కంపెనీ వాళ్ళ రికార్డింగ్ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో లండన్ నుంచి బయల్దేరి కలకత్తా, తర్వాత చైనా, జపాన్ అన్నీ చుట్టి 1903లో రంగూన్‌లో దిగి బర్మా పాటలు రికార్డు చేశాడు. పాట అక్కడ పాడితే ప్లేటు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యి, ఓడలో తిరిగి రావాలి. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టాక దూరం తగ్గింది. అంటే ఆ రోజుల్లో పాటని కాపీ కొట్టాలంటే ఫ్యాక్టరీ ఉండాలి. దొంగకి కూడా పెట్టుబడి కావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ గ్రామఫోన్ కాలంలోనే ఇంకోటి జరిగింది. 1914లో కాపీరైటు చట్టం వచ్చింది. ఇంగ్లండులో 1911లో చేసిన చట్టాన్నే కాస్త మార్చి ఇండియాకి తెచ్చారు, అప్పట్లో బర్మా ఇండియాలో భాగం కాబట్టి అక్కడా అదే. మన దేశం 1957లో కొత్త చట్టం చేసుకుంది. బర్మా చేసుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చింది, సైన్యం వచ్చింది, క్యాసెట్ వచ్చింది, సీడీ వచ్చింది, స్మార్ట్‌ఫోన్ వచ్చింది. చట్టం మాత్రం 1914దే. 2019 మే 24న కొత్తది చేసేదాకా అంతే. గ్రామఫోన్ ప్లేటుని చూసి రాసిన చట్టం పట్టుకుని మెమరీ కార్డు కేసు పెట్టాలన్నమాట. పైగా ఇతర దేశాల పాటలకి ఆ చట్టంలో రక్షణే లేదు, అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో బర్మా చేరలేదు.

దీనివల్ల అక్కడ ఒక విచిత్రమైన పాట పుట్టింది. దాన్ని వాళ్ళు ‘కాపీ తచిన్’ అంటారు. తచిన్ అంటే పాట. ఇంగ్లీషు పాటదో, చైనా పాటదో, థాయ్ పాటదో ట్యూన్ తీసుకుంటారు, దానికి బర్మా భాషలో కొత్త మాటలు రాస్తారు. 1970ల నుంచి గిటారు, డ్రమ్ములతో వచ్చిన ‘స్టీరియో’ పాటల్లో ఇవి బోలెడు. మనం వెంటనే దొంగ ట్యూన్ అంటాం. మన సినిమాల్లో ఏ ట్యూన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగితే మన పరువూ పోతుంది కాబట్టి ఆ మాట ఇక్కడితో ఆపేద్దాం. వాళ్ళ లెక్క వేరు. బయటి దేశాల రికార్డులు దొరకని దేశం అది. 1962 నుంచి తలుపులు వేసుకుని కూర్చుంది. అలాంటి చోట బయటి ట్యూన్‌ని తీసుకుని, అచ్చం అలాగే వాయించి, తన భాషలో మాటలు కూర్చడం కూడా ఒక పనితనమే. మాటలు రాసినవాడికి గౌరవం ఉండేది. డబ్బు సంగతి వేరే.

డబ్బు సంగతే ఇప్పుడు చెప్తాను, అసలు కథ అక్కడే ఉంది.

హెదర్ మెక్‌లాక్లన్ అనే సంగీత పరిశోధకురాలు 2000ల చివర్లో యాంగోన్‌లో పాటల వాళ్ళ మధ్య తిరిగి, 2011లో బర్మా పాప్ సంగీత వ్యాపారం మీద పుస్తకం వేశారు. ఈ విషయంలో నాకు దారి చూపించిన పుస్తకం అదే. అక్కడ పద్ధతి ఇది. పాట రాసినవాడికి ఒకేసారి డబ్బు ఇస్తారు. ఆ తర్వాత క్యాసెట్ పది అమ్ముడైనా లక్ష అమ్ముడైనా అతనికి సంబంధం లేదు. వాయించినవాడికీ అంతే, వాయించిన రోజు కూలి. మనం సైట్‌లో తీసుకునే దినకూలీ లాంటిదే అనుకోండి. బిల్డింగు ఎంతకి అమ్ముకున్నారో మేస్త్రీకి ఎందుకు?

మరి పెట్టుబడి ఎవరిది? ఒక చిన్న ప్రొడ్యూసర్‌ది, లేదా గాయకుడిదే, లేదా గాయకుడి మీద అభిమానం ఉన్న డబ్బున్నవాడిది. పాట రాసినవాడికి, బ్యాండుకి, స్టూడియోకి గంటల లెక్కన ఇవ్వాలి. యాంగోన్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, జనరేటర్ ఖర్చు అదనం. కవరు అచ్చు, క్యాసెట్ల ఖర్చు, కొట్లకి సరుకు పంపడం. ఇదంతా ఒక్క క్యాసెట్ కూడా అమ్ముడు కాకముందే పెట్టాలి. తిరిగి వచ్చేది కొట్టువాడు అమ్మిన తర్వాతే. కో బావమరిది లాంటి కొట్టువాడు ఆ గొలుసులో చివరి కొక్కెం. అతను అమ్మితేనే డబ్బు వెనక్కి ప్రయాణం కడుతుంది.

దీని మీద సెన్సారు ఒకటి. ప్రతి పాట మాటలూ ముందే సెన్సారు ఆఫీసుకి ఇవ్వాలి. వాళ్ళు కొట్టేసినవి మార్చాలి. అప్పుడే అమ్మకానికి అనుమతి. ఎంత అనుమానమంటే, ఐరన్ క్రాస్ బ్యాండుతో పాడే ప్రసిద్ధ గాయకుడు లే ఫ్యూ ఆల్బమ్ ఒకటి ‘పవర్ 54’ పేరుతో వస్తే ఆ అంకె మీదే గొడవైంది. ఆంగ్ సాన్ సూ చీ ఇంటి నంబరు 54, యూనివర్సిటీ అవెన్యూ. పేరులోంచి 54 పోయింది. అప్పటికే పెట్టిన ఖర్చు మాత్రం పోయిందే, ఎవరూ తిరిగివ్వరు కదా.

ఇప్పుడు దొంగ కాపీవాడి వైపు నుంచి చూడండి. అతనికి పాట రాసినవాడు అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు, సెన్సారు ఆఫీసు మెట్లు ఎక్కక్కర్లేదు. అసలు వాడు ఆల్బమ్ రిలీజ్ చేసేదాకా టీ తాగుతూ కూర్చుంటే చాలు. ఏ పాట హిట్టయిందో జనమే చెప్తారు, దాన్నే కాపీ కొడతాడు. ప్రొడ్యూసర్ పది ఆల్బమ్‌లు వేస్తే ఒకటో రెండో ఆడతాయి. ఆడిన ఆ ఒకటి మీదే మిగతా ఎనిమిదో తొమ్మిదో నష్టం పూడ్చుకోవాలి. కాపీవాడు తీసుకుపోయేది సరిగ్గా ఆ ఒక్కదాన్నే. ఈ లెక్క నాకు ఈ మధ్యే అర్థమైంది. నేను డార్మిటరీలో నింపిన కార్డుల్లో ఒక్క ఫ్లాపు సినిమా పాట కూడా లేదు.

క్యాసెట్ కాలంలో దొంగ కాపీ ఉన్నా కాస్త అదుపుండేది. కాపీ నుంచి కాపీ తీస్తే గొంతు అరిగిపోయేది, బుసబుస శబ్దం. మంచి సౌండు కావాలనుకున్నవాడు కొట్టుకే వచ్చేవాడు. సీడీ వచ్చాక ఆ తేడా పోయింది. నూరో కాపీ కూడా మొదటిదానిలాగే పలుకుతుంది. సూలే పగోడా చుట్టుపక్కల, అనవ్రతా రోడ్డు మీద సాయంత్రమయ్యేసరికి ఫుట్‌పాత్ నిండా డిస్కులే పరిచేవాళ్ళు. ఎమ్‌పీ3 వచ్చాక ఒక్క డిస్కులోనే పది ఆల్బమ్‌లు పట్టాయి. లోపల కొట్టులో అద్దె కట్టి అసలు సరుకు అమ్మేవాడు, బయట అతని గుమ్మం ముందే బల్ల వేసి నకలు అమ్మేవాడు.

ఇక్కడొక చిన్న పక్కదారి. 1964లో బర్మా ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసి భారతీయుల్ని పంపేసినప్పుడు దాదాపు 3 లక్షల మంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇంకా ఉంది. మద్రాసులో అలా వచ్చినవాళ్ళ కోసం బీచ్ స్టేషన్ దగ్గర 1969లో బర్మా బజారు పెట్టారు. తర్వాత రోజుల్లో ఆ బజారు దేనికి పేరుపడిందో మద్రాసులో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. విదేశీ ఎలక్ట్రానిక్ సామాన్లకి, ఆ తర్వాత దొంగ సీడీలకి, డీవీడీలకి. రంగం నుంచి తరిమితే వచ్చినవాళ్ళ బజారులో మద్రాసు పాటల నకళ్ళు, రంగంలోనే మిగిలినవాళ్ళ వీధుల్లో బర్మా పాటల నకళ్ళు. పొట్ట గడవని చోట మొదట పుట్టే వ్యాపారం ఇదేనేమో అనిపిస్తుంది నాకు. సమర్థించడం లేదు, నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా.

సరే, యాంగోన్‌కి వద్దాం. డిస్కుల గొడవ ఒక ఎత్తు, ఫోను ఇంకో ఎత్తు. 2000ల్లో బర్మాలో ఒక సిమ్ కార్డు 2000 డాలర్ల దాకా పలికింది. మీరు చదివింది నిజమే, ఫోను కాదు, సిమ్మే. మామూలు మనిషికి ఫోనన్నది కలలో మాట. 2013లో ప్రభుత్వం నార్వే కంపెనీ టెలినార్‌కి, ఖతార్ కంపెనీ ఊరేడూకి లైసెన్సులిచ్చింది. ఖతార్‌లో ఉన్న మన అన్నలందరికీ ఊరేడూ రీచార్జ్ బాగా తెలుసు కదా, వాళ్ళే. 2014 ఆగస్టు నుంచి ఆ సిమ్ములు బజారులోకి వచ్చాయి. ధర 1500 చాట్‌లు. అప్పటి మారకంలో డాలరున్నర. రెండువేల డాలర్ల వస్తువు డాలరున్నరకి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మన దేశం పాతికేళ్ళలో ల్యాండ్‌లైన్, ఎస్‌టీడీ బూత్, కీప్యాడ్ ఫోన్, ఇంటర్నెట్ సెంటరు అంటూ మెట్టు మెట్టుగా ఎక్కింది. వాళ్ళు ఒక్క అంగలో స్మార్ట్‌ఫోన్ మీదకి దూకారు.

కానీ డేటా ఖరీదు, కొత్త ఫోన్‌లో ఏదీ ఎలా పెట్టుకోవాలో తెలియదు. అందుకే వీధి వీధికి ఫోన్ కొట్లు వచ్చాయి. ఫోన్ కొన్నవాడికి ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఇచ్చేదీ ఆ కొట్టే, యాప్‌లు ఎక్కించేదీ ఆ కొట్టే, కాస్త డబ్బు తీసుకుని పాటలు నింపేదీ ఆ కొట్టే. నా డార్మిటరీ వ్యాపారమే, బోర్డు పెట్టుకుని. ఆ తర్వాత కొట్టు కూడా అక్కర్లేకపోయింది. జాప్యా అని ఒక చైనా యాప్ బర్మా అంతా పాకింది. ఇంటర్నెట్ లేకుండానే పక్కవాడి ఫోన్ నుంచి మన ఫోన్‌కి పాటలు వచ్చేస్తాయి. టీ కొట్టులో కూర్చుని టీ చల్లారేలోపు ఆల్బమ్ మొత్తం తీసుకోవచ్చు.

క్యాసెట్ కొట్టువాడికి ఇక మిగిలిందేమిటి? ఫుట్‌పాత్ డిస్కువాడికీ ఏమీ మిగల్లేదు. దొంగ కాపీ వ్యాపారాన్ని కూడా ఉచిత కాపీ మింగేసింది. ఇది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

‘మరి డబ్బు కట్టే యాప్ పెట్టుకోవచ్చు కదా, ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు కదా’ అని మీరు అడగొచ్చు. నేనూ అనుకున్నా. అక్కడే ఇంకో చిక్కుంది. అమెరికా ఆంక్షల వల్ల 2012 చివరిదాకా వీసా, మాస్టర్ కార్డులు బర్మాలో పనిచేసేవే కాదు. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళే తక్కువ. వేవ్ మనీ లాంటి ఫోన్ డబ్బు 2016లో గానీ మొదలవలేదు. అంటే పాట ఉచితంగా అందడానికి దారి 2014లోనే తెరుచుకుంది, దానికి డబ్బు చేరే దారి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ రెండేళ్ళలో జనానికి ఒక అలవాటు పడిపోయింది. అలవాటైన ఉచితానికి మళ్ళీ ధర కట్టడం ఎంత కష్టమో టోల్‌గేట్ పెట్టినప్పుడు మన ఊళ్ళో చూశాం.

సైడ్ ఎఫెక్ట్ అనే యాంగోన్ రాక్ బ్యాండు కథ వినండి. 2004లో మొదలైంది, డార్కో అనే అతను పాడతాడు. కాపీ తచిన్ కాకుండా సొంత పాటలు. పెద్ద ప్రొడ్యూసర్ ఎవరూ లేరు, అంతా సొంత ఖర్చే. ఆల్బమ్ కోసం ఇండీగోగో అనే అమెరికా సైట్‌లో చందాలు అడిగారు. ఎక్కడెక్కడి వాళ్ళో డబ్బు వేశారు. తీరా చూస్తే ఆ డబ్బు వీళ్ళకి చేరలేదు. బర్మా మీద ఆంక్షలున్నాయి కాబట్టి పంపడం కుదరదన్నారు. ఇది 2012లో ప్రపంచ పత్రికల్లో వచ్చింది. వాళ్ళ పాటల్ని సొంత దేశపు సెన్సారు ఒకవైపు పట్టుకుంటే, వాళ్ళ డబ్బుని ఆ ప్రభుత్వాన్ని శిక్షించడానికి పెట్టిన ఆంక్షలు ఇంకోవైపు పట్టుకున్నాయి. గల్ఫ్ నుంచి ఇంటికి పంపిన డబ్బు ఏదో కాగితం సరిలేదని మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2012 ఆగస్టు 20న పత్రికలకి ముందస్తు సెన్సారు ఎత్తేశారు, పాటల మీదా పట్టు సడలింది. అందుకే 2012 తర్వాత కొన్నేళ్ళు అక్కడి కుర్రాళ్ళకి మంచి రోజులు. పాట అమ్ముడుపోదని వాళ్ళకి అర్థమైపోయింది. పాటని ఉచితంగా వదిలేసి, మనిషిని అమ్ముకోవడం నేర్చారు. అంటే స్టేజీ షోలు, కంపెనీల ప్రకటనలు, తింజాన్ పండగకి వీధుల్లో వేసే పెద్ద పెద్ద మండపాల మీద కచేరీలు. ఐరన్ క్రాస్ లాంటి పేరున్న బ్యాండ్లకి ఇది ముందు నుంచే అలవాటు. పంకు బ్యాండ్లు సొంతంగా కార్యక్రమాలు పెట్టుకున్నాయి. 2007లో మొదలైన రెబెల్ రయట్ బ్యాండు వాళ్ళు పాటలతో పాటు యాంగోన్ వీధుల్లో ఇల్లులేని వాళ్ళకి అన్నం పెట్టే పని కూడా మొదలుపెట్టారు.

కానీ ఒకటి చూడండి. స్టేజీ ఎక్కేది గాయకుడు, బ్యాండు. ఇంట్లో కూర్చుని మాటలు రాసినవాడు ఏ స్టేజీ ఎక్కుతాడు? అతనికి ఒకేసారి డబ్బిచ్చే ప్రొడ్యూసర్ ఉన్నంతకాలం ఆ పద్ధతి అన్యాయమే అయినా చేతికి ఏదో వచ్చేది. ముందు డబ్బు పెట్టేవాడు పోయాక అదీ లేదు. స్టార్ గాయకుడికి దెబ్బ తగిలినా నిలబడ్డాడు. ఫైల్ షేరింగ్ నిజంగా పడగొట్టింది పాట రాసినవాణ్ణి, స్టూడియోలో దినకూలీకి వాయించినవాణ్ణి, చిన్న ప్రొడ్యూసర్‌ని, కో బావమరిదిని. పెద్ద పేర్లు ఏడిస్తే పత్రికల్లో వస్తుంది, వీళ్ళది రాదు.

మన వైపూ ఇంచుమించు ఇదే జరిగింది గానీ, మన కంపెనీలకి కాలర్ ట్యూన్ అనే బంగారు గుడ్డు కొన్నేళ్ళు దొరికింది. ఫోన్ చేసినవాడికి వినపడే పాటకి నెల నెలా డబ్బు కట్టిన జాతి మనది. ఇంకో తమాషా, సరిగమ కంపెనీ 2017లో 5000 పాత పాటలు నింపిన కారవాన్ అనే రేడియో పెట్టె అమ్మింది. తెగ అమ్ముడైంది. నేను కార్డులు నింపితే దొంగని, వాళ్ళు పెట్టె నింపితే కంపెనీ. తేడా హక్కుల కాగితమే, ఆ కాగితం చిన్నది కాదని ఇప్పుడు తెలుసు.

ఇంతవరకు చెప్పింది వింటే కాపీ అంటే చెడ్డదే అనిపిస్తుంది. అలా చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది, ఎందుకంటే బర్మా కథలో ఇంకో పాట ఉంది.

1988లో విద్యార్థులు, జనం సైనిక పాలన మీద లేచారు. ఆగస్టు 8న దేశమంతా వీధుల్లోకి వచ్చింది. సైన్యం కాల్చింది. ఆ రోజుల్లో నైంగ్ మ్యన్మార్ అనే ఆయన ఒక పాట రాశాడు. పేరు ‘గబా మ చే బూ’. లోకం ఉన్నంతవరకు ఇది చల్లారదు అన్నట్టు. ట్యూన్ ఎవరిదో తెలుసా? కాన్సాస్ అనే అమెరికా బ్యాండు 1977లో తెచ్చిన ‘డస్ట్ ఇన్ ద విండ్’. అంటే ఇదీ ఒక కాపీ తచినే. సెన్సారు ఈ పాటని ఎప్పటికీ దాటనివ్వదు. ఏ కొట్టూ అమ్మదు. అది బతికింది ఒకే ఒక్క దారిలో, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి చేతులు మారుతూ. ఆ పాట మీద ఎవరూ పైసా అడగలేదు, ఎవరికీ రాలేదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. ఆ నెలలో వీధుల్లో కుర్రాళ్ళు పాడింది అదే పాట. 1988కి వాళ్ళలో చాలామంది పుట్టనే లేదు. రాత్రి పూట ఇంటర్నెట్ కట్ చేసేవాళ్ళు, మార్చిలో మొబైల్ డేటా కూడా ఆపేశారు. నెట్ లేకపోతే పాటలు, వీడియోలు ఎలా చేరాలి? ఫోన్ నుంచి ఫోన్‌కి. కొట్లని మూయించిన అలవాటే అప్పుడు పనికొచ్చింది.

ఆ తర్వాత జరిగింది పాటల వ్యాపారం స్థాయి దాటిపోయింది. 2000లో బర్మాలో మొదటి హిప్ హాప్ ఆల్బమ్ తెచ్చిన యాసిడ్ బృందంలో జెయ్యా తౌ ఒకడు. తర్వాత జైలుకెళ్ళాడు, ఎంపీ అయ్యాడు. 2022 జులైలో సైనిక ప్రభుత్వం అతన్ని ఉరితీసింది. టెలినార్ అదే ఏడాది దేశం వదిలి వెళ్ళిపోయింది. 2022 జనవరి నుంచి కొత్త సిమ్ మీద 20,000 చాట్‌ల పన్ను వేశారు. డాలరున్నర సిమ్ముల రోజులు అలా ముగిశాయి.

2019లో చేసిన కొత్త కాపీరైటు చట్టం 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. నూట తొమ్మిదేళ్ళ తర్వాత పాట రాసినవాడి హక్కుల మీద కొత్త కాగితం వచ్చింది. అది వచ్చేసరికి రాసేవాళ్ళు ఎక్కడున్నారు? కొందరు జైల్లో, కొందరు థాయ్ సరిహద్దులో, కొందరు మనలాగే ఏదో దేశంలో పనిలో. మీ కంపెనీలో బర్మా వాళ్ళుంటే అడిగి చూడండి, ఒకప్పుడు గిటారు వాయించినవాడు ఒకడైనా తగులుతాడు.

కో ఇప్పుడు మలేషియాలో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని మెసేజ్ పెడితే, ఆ కొట్టు గురించి అప్పుడు చెప్పనిది కొంచెం చెప్పాడు. ఆఖరి సంవత్సరం బావమరిది క్యాసెట్లు తీసేసి అదే కొట్టులో ఫోన్లకి పాటలు నింపే పని పెట్టాడట. తాను ఏళ్ళ తరబడి డబ్బు పెట్టి తెచ్చిన ఆల్బమ్‌లనే తన చేతులతో ఎక్కించి ఇచ్చేవాడట. ఎనిమిది నెలలు చేసి మానేశాడు. ఇప్పుడు గాజులు, రబ్బరు చెప్పులు అమ్ముతున్నాడు.

నా ల్యాప్‌టాప్ ఊళ్ళో అటక మీద ఉంది. మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు దింపి ఆన్ చేస్తే పనిచేసింది. పాటలన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కో ఫైలు తెరిచి చూశాను. పాడినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట, రాసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట, అన్నిట్లోనూ ఉచితంగా పాటలిచ్చే ఒక వెబ్‌సైట్ పేరే రాసుంది.